బిళ్ళ ఎర్రబడితే

ఆ కాలానికి అందరి మెడ కిందా ఒక బిళ్ళ అతికి ఉండేది. దిగులుకో కోపానికో నరాలు బిగిసి, ఒంట్లో అడ్రినలిన్ పొంగి, రక్తపోటు పెరిగితే అది ఎర్రబడేది. ఎదుటివారి బిళ్ళ ఎర్రబడగానే మాట ఆపేయడం మర్యాద.

భర్త చనిపోయిన నెల రోజులకు, హైమావతి టీచరు అత్తగారి పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ముదురువి ఇటు పడెయ్యి. అవునుగానీ అమ్మాయ్, ఆ పెళ్ళిలో మావాడి బిళ్ళ ఎర్రబడటం ఎవరూ చూడలేదా?” అంది కనకరత్నమ్మ.

ఫొటోల్లో ఎర్రగా పడితే నలుగురూ నవ్వుతారని, దాన్ని తీసేయమన్నది హైమావతే. భోజనాల దగ్గర ఆయన కుప్పకూలేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. ఈ సంగతి చెప్పబోయినప్పుడల్లా అత్తగారి బిళ్ళ ఎర్రబడేది. మర్యాద వంకతో హైమావతి ఆగిపోయేది.

ఇవాళ పెద్దావిడ బిళ్ళ ఆకుపచ్చగానే ఉంది.

“ఎర్రబడలేదత్తయ్యా. చివరిదాకా మామూలుగానే ఉంది.”

కనకరత్నమ్మ కోడలి మెడవైపు చూసింది.

“సరేలే. నీది బాగా ఎర్రబడింది. ఇంక అడగను.”

ఇంకొక్కసారి అడిగితే చెప్పేద్దామని హైమావతి కాచుకుని కూర్చుంది. అత్తగారు మాట తప్పలేదు.