దొంగలు దూరని రౌటర్

కొల్లాపూర్ దిక్కు ఎవరిదో ఆన్‌లైన్ సెంటర్‌లో దొంగలు నెట్ తీగలోంచే దూరి, కంప్యూటర్లలో ఉన్నదంతా ఊడ్చుకుపోయారట. పక్కన జిరాక్స్ దుకాణం నడిపే పెద్దులుకు వాళ్ల బామ్మర్ది చెప్పాడట.

అది విన్నప్పటి నుంచి షాద్‌నగర్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడిపే పరమేష్‌కు ముద్ద దిగలేదు. ఊళ్ల రైతుల భూమి కాగితాలన్నీ తన దగ్గరే ఉన్నాయి. అవి బయటపడితే మళ్లీ ఒక్కరూ తన గడప తొక్కరు.

పరమేష్ కబురు పెడితే, రౌటర్లు అమ్మే డేవిడ్ వచ్చి రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఇది మామూలుది. గిది ఆఫీసులల్ల పెట్టేది. ఫైబర్ నెట్ ఎంత ఉరికినా, దొంగ రాకను పసిగట్టి అక్కడ్నే ఆపుతది."

"గదే బిగించు. చీమ గూడ దూరొద్దు."

అంతలో ఉప్పలమ్మ వచ్చింది. "తమ్మీ, నా భూమి కాగితం జర తియ్యవా? పాస్‌వర్డు యాదికి లేదు."

"బయట గోడకు నోటుబుక్కు ఏలాడుతాంది గదక్కా. అందరియి అండ్లనే రాసిపెట్టిన. చూసుకొని రా."

డేవిడ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "అందరియా?"

"మర్చిపోతరు గదా, పాపం," అన్నాడు పరమేష్ గర్వంగా. ఉప్పలమ్మ తిరిగి రాగానే అడిగాడు: "దొరికిందా అక్కా?"

"నాది దొరకలే తమ్మీ. పొలం గెట్టు కాడ నాతోని కొట్లాడిన మా మరిది వీరేశంది దొరికింది. వానిదే తియ్యి, నా జాగా ఎంత రాయించుకున్నడో చూస్త."