కుప్ప వేడెక్కాలంటే

వదిన దగ్గర కొట్టేసిన నెక్లెస్‌ని దాచడానికి పక్కింటి పిన్నిగారి ఎరువుకుప్పను మించిన చోటు లేదని మరిదికి తోచింది.

ఆ కుప్ప రెండిళ్ల మధ్య ప్రహరీగోడను ఆనుకునే ఉంది. ఎండాకులు, కూరగాయల తొక్కలు, ఎప్పుడో కొట్టిన జామకొమ్మలు. ఏళ్ల తరబడి పడి ఉందే తప్ప ఎరువైన పాపాన పోలేదు. దాని మీద మనిషి చెయ్యి పడదు. ఒకవేళ పడినా భయం లేదు. రెండిళ్లలో వంట చేసేదీ, రెండిళ్ల తొక్కలూ తెచ్చి ఆ కుప్ప మీద పోసేదీ ఒకే వంటావిడ. నెక్లెస్ అక్కడ బయటపడితే అందరి వేలూ ఎవరి వైపు తిరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎవరూ లేని మధ్యాహ్నం చూసి, గోడ మీంచి వంగి, మోచెయ్యి దాకా దూర్చి నెక్లెస్‌ని పాతేశాడు. లోపల చల్లగా, తడిగా ఉంది. చెయ్యి కడుక్కుని ఎరువుల కొట్టుకి వెళ్లిపోయాడు. అక్కడ అతను సేల్స్‌మన్.

సాయంత్రానికి ఇల్లంతా గగ్గోలు. అనుకున్నట్టే అనుమానం వంటావిడ మీద పడింది. ఆవిడ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. వదిన ఏడుస్తూనే ఆవిణ్ణి పనిలోంచి తీసేసింది. అన్నయ్య పోలీసుల దగ్గరికి బయల్దేరాడు.

"పాపం, పెద్దావిడ. పోలీసులెందుకులే అన్నయ్యా" అని అడ్డుపడి, మరిది మంచిపేరు కూడా కొట్టేశాడు.

మర్నాటి నుంచి వీధిలో ఏ ఇంటివాళ్లూ వంటావిణ్ణి గడప తొక్కనివ్వలేదు, ఒక్క పిన్నిగారు తప్ప. గొడవ సద్దుమణిగాక నెక్లెస్ తీసుకుందామని మరిది ఆగాడు. ఈలోగా పిన్నిగారికి కుప్ప మీద ధ్యాస పుట్టింది.

ఆవిడ రైల్వే ఎంక్వైరీ కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ఉద్యోగమంతా జవాబులు చెప్పీ చెప్పీ విసిగిందేమో, ఇప్పుడు కనిపించినవాణ్ణల్లా ప్రశ్నలడుగుతుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో పేరు.

"బాబూ, నువ్వు ఎరువుల కొట్లో చేస్తావు కదా. నా కుప్ప ఎంతకీ వేడెక్కడం లేదు. ఏం చెయ్యమంటావు?" అని ఓ ఉదయం గోడ అవతలి నుంచి అడిగింది.

పళ్లు తోముకుంటున్న మరిదికి పొలమారింది.

"ఏం చెయ్యకండి పిన్నిగారూ. అదే వేడెక్కుతుంది."

"పాలతనేమో పార పెట్టి కిందది పైకీ, పైది కిందకీ తిరగెయ్యమన్నాడు. గాలి తగిలితేనే రాజుకుంటుందట. పోస్ట్‌మ్యానూ అదే మాట. మందుల షాపతనూ అదే మాట."

"వాళ్లకేం తెలుసండీ. తిరగేస్తే ఉన్న కాస్త వేడీ పోతుంది. నిద్రపోయే చంటిపిల్లాడనుకోండి. కదిపారంటే మళ్లీ మొదటికొస్తుంది."

"అంతేనంటావా. పోనీ, పైపైన కర్రతో కదిపితే?"

"కర్రా వద్దు, ఏం వద్దు. అసలు ముట్టుకోకండి."

పిన్నిగారు బుద్ధిగా తలూపి, కుప్ప మీద గోనెపట్టా కప్పేసింది. ఈవిణ్ణి నమ్మించడం ఇంత తేలికా అని మరిది లోపలికెళ్లి నవ్వుకున్నాడు.

కానీ ఆవిడ రోజూ కుప్ప పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మరిదికి ముళ్ల మీద ఉన్నట్టుంది. చివరికి ఓ రోజు ఆవిడే పిలిచింది.

"మా అక్కగారింటికి వెళ్తున్నాను బాబూ, చీకటి పడ్డాకే రావడం. కుక్కలు కుప్ప కెలక్కుండా కాస్త కనిపెట్టుకుని ఉండు."

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. అన్నయ్యా, వదినా కూడా ఏదో పనుందని బయటికెళ్లారు. మరిది కొట్టుకి సెలవు చెప్పి, గోడ దూకి, గోనెపట్టా లాగేసి, మోచెయ్యి దాకా చెయ్యి దూర్చాడు.

మరుక్షణం "అమ్మా" అంటూ వెనక్కి లాగేసుకున్నాడు. కాగే నీళ్లలో ముంచినట్టు చెయ్యి చుర్రుమంది.

ఆనాడు చల్లగా ఉన్న కుప్ప ఇప్పుడు ఆవిర్లు కక్కుతోంది. మంటను ఓర్చుకుంటూ రెండు చేతులతో తవ్వాడు. అడుగునుండాల్సిన జామకొమ్మలు పైనున్నాయి. పైనుండాల్సిన తొక్కలు అడుగున నల్లగా మగ్గిపోయి ఉన్నాయి. నెక్లెస్ లేదు. ఎవరో పార పెట్టి కుప్పంతా తిరగేశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రెండు గుప్పెళ్లలో ఆకులతో అలాగే ఉండిపోయాడు.

"ఏం వెతుకుతున్నావు?" వదిన గొంతు.

తిరిగి చూశాడు. పిన్నిగారి వంటింటి గుమ్మంలో అన్నయ్య, వదిన నిలబడి ఉన్నారు. వదిన మెడలో నెక్లెస్ ఉంది. వదిన చెయ్యి, కళ్లొత్తుకుంటున్న వంటావిడ భుజం మీద ఉంది.

"కుక్కలు కెలికాయేమోనని..." అన్నాడు మరిది.

పిన్నిగారు వాళ్ల వెనక నుంచి పార పట్టుకుని వచ్చింది.

"దొరికిన రోజే తెచ్చిచ్చేస్తే మా వంటావిడే దాచిందనేవారు. అందుకే బాబూ, కుప్ప తిరగేసి నెక్లెస్ తీసుకున్నాకే, దాన్ని ఎలా వేడెక్కించాలని వీధిలో అందర్నీ అడగడం మొదలుపెట్టాను. ముట్టుకోవద్దన్నవాడివి నువ్వొక్కడివే."