మంగళవారం పిల్ల

"అరాబా అంటే మంగళవారం పుట్టిన పిల్ల. అంతేనా?"

వయసుల తనిఖీకి వచ్చిన టోర్నమెంటు అధికారి మదామ్ అబ్లా, పాస్‌పోర్టు మీంచి కళ్లెత్తకుండానే అడిగింది. అరాబా తలూపింది.

"మరి ఇందులో 2006 మే 13 అని ఉంది. ఆ రోజు శనివారం."

టోగో రాజధాని లోమేలోని ఆ హోటల్ గదిలో ఘనా అమ్మాయిలంతా అరాబా వంక తిరిగారు. మొత్తం ఇరవై మంది. పొద్దున్నుంచి అందరినీ అందులో కూర్చోబెట్టి తలుపేశారు. ఫోన్లు తీసేసుకున్నారు. ఫ్యాను తిరగడం లేదు. ఘనా జట్టులో వయసు దాచినవాళ్లున్నారని ఎవరో టోర్నమెంటు వాళ్లకు ఆకాశరామన్న ఉత్తరం రాశారట! ఇది ఇరవై ఏళ్లలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ కప్పు. రేపే మొదటి ఆట. ఒక్కరు దొరికినా జట్టంతా మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటాల్సిందే. ఆ సంగతి కెప్టెన్ కూకువాకు అందరికంటే బాగా తెలుసు.

పద్దెనిమిది మంది పాస్‌పోర్టులు సరిపోయాయి. పంతొమ్మిదోది అరాబాది.

"మా టోగోలోనూ వారాన్ని బట్టే పేర్లు పెడతారమ్మా. నేనూ మంగళవారం దాన్నే," అంది మదామ్. "వయసు తగ్గించేవాళ్లు తారీఖు ఉంచి సంవత్సరమే మారుస్తారు. కోచ్ గారూ, సరిగ్గా మూడేళ్లు వెనక్కి పోతే మే 13 ఏ వారం వస్తుందో చెప్పండి."

కోచ్ క్వేకో నుదురు తుడుచుకున్నాడు. "ఏడాదికో రోజు చొప్పున మూడు రోజులు వెనక్కి... బుధవారం. చూశారా, మంగళవారం కాదుగా!"

"నాలుగు రోజులు కోచ్. మధ్యలో లీపు సంవత్సరం ఉంది," అనేసింది కూకువా. అనేశాక నాలిక కరుచుకుంది. శనివారానికి నాలుగు రోజులు వెనక్కి పోతే మంగళవారమే.

"నీకు బాగానే తెలుసే!" అని మదామ్ మొదటిసారి ఆమె వంక చూసింది.

"లెక్కల్లో ఎప్పుడూ మా అక్కే ఫస్టు," అంది అరాబా గొప్పగా. తన కొంప మునుగుతోందని ఆ పిచ్చిదానికి ఇంకా అర్థం కాలేదు.

మదామ్ ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "పుట్టిన సంవత్సరం మార్చారు, వారం మరిచారు. మీవాళ్లు ఎప్పుడూ చేసే పొరపాటే. రెండు దార్లున్నాయి. ఈ పిల్లకు ఒంట్లో బాగాలేదని రాసి మీరూ, కెప్టెనూ సంతకాలు పెట్టండి. మిగతావాళ్లతో ఆడుకోండి, నేనూ ఇంతటితో వదిలేస్తాను. లేదంటే ఇరవై మంది పుట్టుక కాగితాలూ ఆసుపత్రుల నుంచి తెప్పిస్తాను. అప్పుడు ఇంకెవరు దొరికినా నన్ననొద్దు."

కోచ్ ఆలోచించలేదు. సంతకం గిలికి కలం కూకువా చేతిలో పెట్టాడు. "కానియ్యి. ఒక్కదాని కోసం అందరినీ ముంచుతామా?"

"అక్కా, ఒట్టక్కా! నేను శనివారమే పుట్టాను," అంటూ అరాబా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "మా అమ్మమ్మ పేరు పెట్టారు నాకు."

"దొరికినవాళ్లందరికీ ఓ అమ్మమ్మ ఉంటుందిలే," అంది మదామ్.

కూకువా కాగితం వంక చూసింది. ఒక్క గీత గీస్తే చాలు. తలుపు తెరుచుకుంటుంది. ఎవరి కాగితాల జోలికీ ఎవరూ పోరు. రేపు మైదానంలోకి దిగొచ్చు. కానీ అరాబా చెప్పేది నిజం. ఘనా తీరంలోని ఎల్మీనాలో ఇద్దరిదీ ఒకే సందు. ఆ అమ్మమ్మ కాల్చిపెట్టిన చేపలు తిని పెరిగిన ఒళ్లే తనదీ. తప్పు చెయ్యని పిల్లను తన చేత్తో ఎలా గెంటేయడం? గెంటకపోతే ఆసుపత్రి కాగితాలు! ఎటూ కదలలేని ఇరకాటంలో ఆమెకు ఏడుపొచ్చింది.

కలం బల్ల మీద పెట్టేసింది.

"ఆ అమ్మమ్మకు ఫోన్ చెయ్యండి మదామ్. మేం నోరెత్తం. మీరే అడగండి."

"నీకేమన్నా మతిపోయిందా?" అని కోచ్ పళ్లు నూరాడు.

అరాబా చెప్పిన నంబరుకు మదామ్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. చేపల బేరానికి తీరమంతా తిరిగిన ముసలామెకు లోమే వాళ్ల భాష బాగానే వచ్చు.

"ఎవరది? చేపలైపోయాయి, రేపు రా!"

"చేపలు కాదమ్మా. నీ మనవరాలు అరాబా ఏ వారం పుట్టింది?"

"శనివారం. ఏం, సంబంధమేమైనా తెచ్చావా?"

ఆ బిక్కమొహాల్లోనే ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి మంగళవారం పేరెందుకు పెట్టారు?"

"మంగళవారం దాన్ని నేనే తల్లీ, అది నా పేరు! వాళ్లమ్మకు నొప్పులొచ్చాయని కబురొచ్చేసరికి నేను ఒడ్డున పడవల దగ్గర బేరంలో ఉన్నా. బుట్ట అక్కడే పారేసి పరుగెత్తా. మంగళవారమైతే ఒడ్డున నాకేం పని? ఆ రోజు ఏ పడవైనా సముద్రంలోకి పోతుందా, నువ్వే చెప్పు!"

సముద్ర దేవుడికి విశ్రాంతి రోజని ఎల్మీనాలో మంగళవారం వల వేసే మొనగాడు లేడని తీరమంతటికీ తెలుసు. మదామ్ నవ్వి, బల్ల మీది కాగితం చించేసింది.

"పిల్ల నిజమే చెప్పింది. ఇక ఎవరి ఆసుపత్రి కాగితాలూ అక్కర్లేదు."

గదంతా కేరింతలు కొట్టింది. అరాబా కూకువా మెడ పట్టుకుని భోరుమని ఏడ్చేసింది.

"ఉండండి, ఇంకొకటుంది," అంటూ మదామ్ చివరి పాస్‌పోర్టు తెరిచింది. "కూకువా. బుధవారం పిల్ల. 2006 ఆగస్టు 2..." ఫోన్‌లో చూసుకుంది. "బుధవారమే. చూశారా అమ్మాయిలూ, కాగితమంటే ఇలా ఉండాలి!"

ముద్ర పడింది. తలుపు తెరిచారు. అమ్మాయిలు కేకలేసుకుంటూ భోజనాలకు పరుగెత్తారు.

"రా అక్కా, ఇంకా కూర్చున్నావేం?" అని అరాబా చెయ్యి పట్టి లాగింది. కూకువా తన పాస్‌పోర్టులోని ఆ తారీఖు వంకే చూస్తోంది.

వయసు మూడేళ్లు తగ్గించి రాయించుకున్న రోజున, పాత క్యాలెండర్ తిరగేసి ఆ బుధవారాన్ని ఏరుకున్నది తనే.