నున్నటి బొమ్మ

“ఎల్లారావు గారూ, ఇలా రండి. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన చూడండి.”

డాక్టర్ ఛాయాదేవి గొంతు వినగానే ఎల్లారావు లేచి వెళ్ళాడు. పటమటలోని ఆ స్కాన్ సెంటర్లో ఆమె చేరి నెల కూడా కాలేదు. సీటీ మెషీన్ మీద అతనిది పద్దెనిమిదేళ్ళ చెయ్యి. ఏం లాభం? ఆమె ముందు తల దించుకుని నిలబడ్డాడు.

రెండు బొమ్మలూ కనకదుర్గ అనే నలభై ఏళ్ళ పేషెంటువే. దగ్గు తగ్గడం లేదని కిందటేడు ఊపిరితిత్తులు స్కాన్ చేశారు. అప్పటి డాక్టరు ఏమీ లేదని రాసిచ్చాడు. ఇవాళ మళ్ళీ చేస్తే కుడివైపు నిమ్మకాయంత గడ్డ. రెండుసార్లూ తీసింది ఎల్లారావే.

పాత బొమ్మ మహా అందంగా ఉంది. ఆ అందమే కొంప ముంచింది.

“ఇంత నునుపు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?” అంది ఛాయాదేవి. “ఇవాళేమో పూర్తి డోసు ఇచ్చారు. అప్పుడు రేడియేషన్ అందులో పావు వంతు కూడా ఇవ్వలేదు. అంత తక్కువిస్తే బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. అది కనబడకుండా కంప్యూటర్లో నునుపు చేసే సెట్టింగు చివరిదాకా పెంచేశారు. అవునా?”

“అవునండి.”

“రాళ్ళు ఏరబోయి బియ్యం కూడా పారబోశారు కదా! శనగగింజంత మచ్చ అప్పటికే ఉండే ఉంటుంది. ఇసుకతో పాటు అదీ కొట్టుకుపోయింది. కనీసం ఆ రోజు మెషీన్ మొదట పట్టిన రా డేటా ఉంటే నునుపు తగ్గించి మళ్ళీ బొమ్మ తీద్దును.”

“పది రోజులకే చెరిగిపోద్దండి మేడమ్. మెషీన్లో చోటు చాలదు.”

ఆ మాట పొద్దుటినుంచీ వందసార్లు తనలో తనే అనుకున్నాడు. ఎంత ఏడ్చినా ఆ మచ్చ అప్పుడు ఉందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. ఛీ, ఏం బతుకు అనిపించింది.

ఛాయాదేవి ఊరుకోలేదు. కిందటేడు ఆ రోజు తీసిన మిగతా స్కాన్లన్నీ తెరిచింది.

“ఉయ్యూరు ముసలాయనకి పూర్తి డోసు. పామర్రు టీచరుకి పూర్తి డోసు. పదకొండు మందికి పద్ధతిగా చేశారు. ఈవిడ ఒక్కదానికే ఈ అడ్డగోలు పని! అప్పుడే కనబడి ఉంటే కోసి తీసేసేవాళ్ళు. ఇప్పుడు కాలేయం దాకా పాకింది.”

ఎల్లారావు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇప్పుడు ఏడిస్తే సరిపోతుందా? ఓనరుకి రాసి పంపుతున్నాను, మీ ఉద్యోగం ఉండదు. నీళ్ళు నమలకుండా నిజం చెప్పండి. ఆవిడంటే మీకేమైనా పగా?”

“పగేంటండీ... ఒంటికి రేడియేషన్ ఎక్కువ తగిలితే ఏమవుద్దోనని భయపడ్డాను, మా ఆవిడ కదండీ.”