మూడు పిలుపులు

ఏడాదికొక్క రోజు, మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి, పోలీసు కంట్రోల్ రూమ్‌లోంచి ఆమె చచ్చిపోయిన మనిషిని పిలుస్తుంది.

డ్యూటీలో ప్రాణం పోయిన కానిస్టేబుల్‌కి డిపార్ట్‌మెంటు ఇచ్చే మర్యాద అది. వైర్‌లెస్‌లో అతని నంబరును మూడుసార్లు పిలవాలి. జవాబు రాదు. అప్పుడు డ్యూటీ ముగిసిందని చెప్పి మైకు ఆపేయాలి. ఆ కాసేపూ ఊళ్లో తిరిగే జీపులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

పన్నెండో నంబరును పదేళ్లుగా ఆమే పిలుస్తోంది. ఇంకొకరికి వదలదు. కిందటేడు ఒళ్లు కాలిపోయే జ్వరంతో వచ్చి మరీ పిలిచింది. ఇదే ఆఖరుసారి. నెలాఖరుకి రిటైర్మెంటు.

అందరూ పన్నెండు అనే పిలిచే ఆ కానిస్టేబుల్ బతికుండగా వైర్‌లెస్ సెట్టు మీద ఊరికే ఉండే రకం కాదు. "అక్కా, కుక్క నన్ను చెట్టెక్కించింది, బలగాలను పంపు" అని వగరుస్తూ అరిచేవాడు. ఆమె ఒకసారి కంగారుపడి నిజంగానే జీపును పంపించి నలుగురి నోళ్లలో పడింది. ఆ సంగతి తలుచుకుని గదిలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆమెకీ ఒక పేరు పెట్టారు, చెవిటి మేడమ్ అని. సెట్టు వాల్యూమ్ ఎప్పుడూ పూర్తిగా పెంచే ఉంచుతుంది. నాబ్‌ను ఎవరూ తిప్పకుండా దానిమీద ప్లాస్టర్ అంటించేసింది. ఆ గరగరకి తల పగిలిపోతోందని పక్క సీటువాళ్లు మొత్తుకున్నా వినదు.

రెండున్నరకే ఆ కానిస్టేబుల్ భార్య వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది. ఏటా వస్తుంది. ఏటా అదే ప్రశ్న. దానికి ఈసారి నిజం చెప్పేయాలని ఆమె రాత్రంతా గుండె రాయి చేసుకుంది.

అతను పోయిన రోజు పాత గోదాముల దగ్గర దొంగలు అతన్ని పొడిచి పారిపోయారు. ఓ లారీ డ్రైవరు చూసేసరికే ప్రాణం లేదు. అక్కణ్ణుంచి చేతిసెట్టు మాట కంట్రోల్ రూమ్‌కి తప్ప ఎవరికీ అందదు. ఆ మధ్యాహ్నం ఇక్కడున్నది ఆమె ఒక్కతే.

"మళ్లీ అడగనక్కా. ఆ రోజు ఆయన మీతో ఏమైనా అన్నారా? నా గురించో, పాప గురించో..."

ఆమె గొంతు సవరించుకుంది. "ఆ రోజు ఏమైందంటే..."

"ఏమీ అనలేదంటేనే నాకు నిద్ర పడుతుంది" అంది భార్య, చెయ్యి పట్టుకుని. "పిలిచే టైమ్ కూడా లేదంటే నొప్పి తెలియకుండా పోయినట్టే కదా. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్లూ బతికానక్కా."

 చెప్పాలనుకున్న నిజం ఇక ఆమెతోనే పోతుంది.

"పిలవలేదమ్మా" అంది. ఆనాడు రిజిస్టర్‌లో రాసిందీ అదే, తన గుండ్రటి చేతిరాతతోనే.

మూడయింది. ఆమె మైకు నొక్కింది.

"పన్నెండూ, కంట్రోల్."

సెట్టు గరగరమంది. రెండోసారి పిలిచింది. మూడోసారి ఇంకా మెల్లగా పిలిచింది. జవాబు లేదు.

"పన్నెండు డ్యూటీ ముగిసింది."

భార్య కళ్లు తుడుచుకుంది. ఇంత ప్రేమగా పిలిస్తే రాయయినా పలుకుతుందక్కా, అంది.

పదేళ్ల కిందట ఇదే వేళకి పన్నెండు కంట్రోల్‌ని మూడుసార్లు పిలిచాడు, మళ్లీ వేళాకోళమేనని ఆమె నవ్వుకుంటూ వాల్యూమ్ తగ్గించేసింది.