తలుపు మూశాక మిగిలిన మాటలు

"తెర పడగానే మా పిన్ని వాళ్లింటికి వెళ్లిపోతున్నాను" అంది నాయిక, నాయకుడితో. నాటకంలోనే కాదు, బయట కూడా వాళ్లు మొగుడూ పెళ్లాలే. మధ్యాహ్నం ఆటకి చివరి అంకం ఇంకా మొదలుకాలేదు. వేదిక మీద పొగయంత్రం మెల్లగా పొగ వదులుతోంది. పైన వేలాడగట్టిన అట్టచందమామ ఆ పొగలో తేలుతూ, తాను అట్టనన్న సంగతి మరిచిపోయినట్టుంది.

ఆమె ఫిర్యాదు ఒక్కటే. పెళ్లయిన దగ్గర్నుంచీ అతను సొంతంగా ఒక్క మాట అన్న పాపాన పోలేదు. కోపమొస్తే రెండో అంకం, బుజ్జగించాలంటే మూడో అంకం. మొన్న ఆమెకి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి, యుద్ధానికి పోయే రాజు రాణికి చెప్పే వీడ్కోలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"నీ నోట్లోంచి నీ మాట ఒక్కటి రానీ, ఎత్తిన పెట్టె కింద పెట్టేస్తాను" అంది.

అతను అలవాటు కొద్దీ ప్రాంప్టర్ గది వైపు చూశాడు. ఆమె విసవిసా వెళ్లి సర్దుకున్న పెట్టె తెచ్చి తెర పక్కన పెట్టుకుంది.

ఆ గదిలో కూర్చుని మాట అందించేది ఎవరో కాదు, ఆమె కన్నతండ్రే. అంతా చెవిన పడింది. కూతురు కాపురం వదిలేసి పోతుంటే చేతులు ముడుచుక్కూర్చునే మనిషి కాదాయన.

ఆయన తెర చాటు నుంచి గుసగుసలాడే పాతకాలపు ప్రాంప్టర్ కాడు. మైకులో మాట చెబితే, అది కంప్యూటర్‌లోంచి అల్లుడి చెవిలో ఉన్న గింజంత యంత్రానికి పోతుంది. ఈ ఏర్పాటు చేసిన ఇంజినీరుని అందరూ వైర్లమ్మ అంటారు. మాటలు మోసుకుపోవడానికి ఆవిడ ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం, సందేశాల లైబ్రరీ అంటారు, కంప్యూటర్‌లో తెచ్చి పెట్టింది. మాటలు బయటికి పోయే తలుపుని అందులో సాకెట్ అంటారట. దానికి బోలెడు ఆప్షన్లు. వరసలో ఎన్ని మాటలు నిలబడొచ్చు, జవాబు కోసం ఎంతసేపు చూడాలి, తలుపు మూసేశాక లోపల మిగిలిన మాటల్ని ఏం చెయ్యాలి, ఇలాంటివి. అల్లుడు ఒక మాట పలకడం పూర్తిచేస్తే గానీ రెండోది కదలదు. తక్కినవి బుద్ధిగా వరసలో ఉంటాయి.

తలుపు మూశాక సంగతి చూసే ఆప్షన్ పేరు లింగర్. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు కాబట్టి, తలుపు మూసినా మిగిలిన మాటలు ఒక్కొక్కటే తీరిగ్గా పోయి చేరేవి. నిన్నటి ఆటలో తెర లాగేవాడు తొందరపడి ముందే దించేశాడు. మామగారు తలుపు మూసి టీకి పోయాడు. అల్లుడు వీధిలోకి వచ్చాక కూడా చెవిలో మాటలు మోగుతూనే ఉన్నాయి. మోగింది మోగినట్టు, పళ్లబండి ముసలావిడ ముందు మోకాళ్ల మీద కూలబడి, "ప్రాణేశ్వరీ, నా రాజ్యం ఇక నీదే" అన్నాడు. ఆ మాటల తీపికి బండి మీద పచ్చికాయలు కూడా పండిపోయాయని చూసినవాళ్లు చెబుతారు. చూడనివాళ్లు ఇంకా గట్టిగా చెబుతారు.

ఆ గొడవే ఇప్పుడు మామగారికి కలిసొచ్చింది. అల్లుడికి దూరం నుంచి కన్నుగీటి, చెవి తట్టి చూపించాడు. నేనున్నాను, నువ్వు పలికితే చాలు అని.

చివరి అంకం నడిచింది. అల్లుడు ఆఖరి మాటని సాగదీసి, సాగదీసి పలుకుతుండగానే, మామగారు తన సొంత కవిత్వాన్ని మైకులో నింపేశాడు. నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదన్నాడు, నీ గాజుల చప్పుడుకే నాకు తెల్లారుతుందన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. అన్నీ వరసలోకి చేరాయి. వెంటనే తలుపు మూసేశాడు. గదిలోంచి బయటికొచ్చి, కూతురికి బాగా కనబడే చోట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందించేవాడు ఎదురుగా నోరు మూసుకుని ఉంటే, అల్లుడి మాట సొంత మాట కాక మరేమవుతుంది?

తెర పడింది. పొగ మోకాళ్ల దాకా వచ్చింది. నీలం వెలుగులో వాళ్లిద్దరూ నీళ్లడుగున నిలబడ్డట్టు కనిపించారు. ఆమె పెట్టె ఎత్తింది. అతను చెవి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. తర్వాత పెదవులు కదిలాయి. ఏమన్నాడో మామగారున్న చోటికి వినబడలేదు. ఆమె భుజాలు అదిరాయి. పెట్టె చేతిలోంచి జారి పొగలో మునిగిపోయింది. ఆమె అతని గుండె మీద వాలిపోయింది.

మామగారికి కళ్లు చెమర్చాయి. వైర్లు చుడుతున్న వైర్లమ్మ దగ్గరికెళ్లి, తన కవిత్వం ఎంత పని చేసిందో, తలుపు మూసినా మాటలు ఎలా వెళ్లి చేరాయో వర్ణించి చెప్పాడు.

"అవి చేరలేదు బాబాయ్" అంది ఆవిడ. "పళ్లబండావిడ పొద్దున్నే వచ్చి, నా రాజ్యం ఎక్కడని కూర్చుంది. ఇలా లాభం లేదని లింగర్ సున్నా చేశాను. మీరు తలుపు మూయగానే లోపల ఉన్నవన్నీ అక్కడికక్కడే మాయం."

ఆయన గబగబా అల్లుడి దగ్గరికి నడిచాడు. కూతురు పెట్టె మీద కూర్చుని ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"చెవిలో ఏమన్నా వినబడిందా అల్లుడూ?"

"ఏమీ వినబడలేదు మామయ్యా."

"మరి అమ్మాయితో ఏమన్నావు?"

అల్లుడు తల గోక్కున్నాడు.

"మీ నాన్న ఇంకా మాట అందించలేదు, కాస్త ఆగవే అన్నాను."