మొత్తం డిస్కు వాడమంటారా?

నల్లటి తెర మీద ఎల్, ఐ అని రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. మూడోది రాలేదు. లెక్కల మాస్టారు కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశారు. మళ్ళీ అవే రెండు. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

సీడీ ఇచ్చిన స్నేహితుడికి ఫోన్ కలిపారు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనే ఆ సీడీలోని సిస్టమ్ అంటే చెవి కోసుకుంటాడని, దాని బొమ్మ పేరుతోనే కాలేజీలో అందరూ అతన్ని పెంగ్విన్ అంటారు.

"రెండక్షరాల దగ్గర ఆగిందా? డిస్కు సైజు సరిగ్గా చదువుకోలేదేమో. ఎంత చూపించింది?" అన్నాడు పెంగ్విన్.

"రెండు జీబీ. మాది నాలుగు."

"పాత మదర్‌బోర్డులకి ఆ జబ్బుంది మాస్టారూ. పెద్ద డిస్కును సగమే చూస్తాయి. మొదలుపెట్టే ముందు పాత సిస్టమ్ తెరిచి, లోపల ఏమేమున్నాయో చూసుకున్నారు కదా?"

"చూసేదేముందయ్యా, మా ఇంటి కంప్యూటరే కదా. సీడీ పెట్టి నేరుగా మొదలెట్టేశా."

"మధ్యలో ఓ ప్రశ్న వేసి ఉంటుంది. మొత్తం డిస్కు వాడమంటారా, ఖాళీ జాగా మాత్రమే వాడమంటారా అని. ఏం చెప్పారు?"

"మొత్తం అన్నా. సగం సగం పనులు నాకు నచ్చవు."

అవతల పెంగ్విన్ ఏదో గొణిగాడు.

"ఏమన్నావయ్యా, వినబడలేదు."

"ఏం లేదు మాస్టారూ. అందులో ముందు ఏముండేది?"

మాస్టారి భార్య పుస్తకం ఉండేది. నర్సింగ్ చదివే పిల్లల కోసం ఆవిడ ఏళ్ల తరబడి కూర్చుని అనువాదం చేసిన పాఠ్యపుస్తకం. ఆవిడ పేరు అట్ట మీదికెక్కబోతున్న మొట్టమొదటి పుస్తకం. రేపు పొద్దున్నే ప్రెస్సుకి ఇవ్వాలి. ఫ్లాపీల్లోకి కాపీ చేసి పెట్టండీ అని ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరుతూనే ఉంది. రేపు చేస్తా, ఎల్లుండి చేస్తా అని ఈయన దాటేస్తూ వచ్చారు.

"మొత్తం పోయిందంటావా?"

"సగమే చూసిందంటున్నారుగా, మిగతా సగంలో పుస్తకం బతికి ఉండొచ్చు. డబ్బా విప్పి, డిస్కు మీద చీటీలో ఉన్న అంకెలు చదివి చెప్పండి."

డబ్బా విప్పుదామంటే స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉండే సొరుగులో లేదు. వంటగదిలో లేదు, మంచం కింద లేదు. కూరగాయల చాకుతో తిప్పి చూస్తే చాకు వంగింది గానీ స్క్రూ కదల్లేదు. పోనీ అని పెంగ్విన్ ఊహించి చెప్పిన అంకెలన్నీ టైపు చేశారు. తెర ఓసారి అర్థం కాని అక్షరాలు కక్కింది. ఇంకోసారి అసలు డిస్కే లేదంది. చివరికి మళ్ళీ ఎల్, ఐ.

అక్కయ్యను చూసొస్తానని వెళ్ళిన భార్య ఏ క్షణాన్నైనా వచ్చేస్తుంది. మాస్టారికి కాలు ఒకచోట నిలవలేదు. తిరిగి తిరిగి బీరువా తలుపు తీశారు. కింది అరలో తువ్వాలులో చుట్టిన మూట ఉంది. భార్య పుస్తకం కోసం కొత్త డిస్కు కొన్నప్పుడు కంప్యూటర్‌లోంచి తీసేసిన పాత డిస్కు అది. ఆయన సొంతంగా రాసుకుంటున్న చదరంగం ప్రోగ్రాం అందులోనే ఉంది. ఇంత వయసొచ్చాక ఆయన ప్రాణం పెట్టిన పని అదొక్కటే. ఏనుగు అప్పుడప్పుడూ ఐమూలగా నడవడం తప్ప దానికి ఏ లోపమూ లేదు. ప్రోగ్రాములు రాసుకునే సరంజామా అంతా ఉచితంగా వస్తుందనే కదా ఈ సీడీ వెంట పడింది.

మూటను పైనుంచి తడిమి చూసుకున్నారు. పోనీలే, ఇదైనా భద్రంగా ఉంది అనుకున్నారు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

గేటు చప్పుడైంది. ఆవిడ లోపలికొచ్చి ఆయన మొహం చూసింది, తెర చూసింది.

"ఆ సీడీ పెట్టేశారా?"

"పెట్టేశా. నీ పుస్తకం చెరిపేశానే. నా చేతులతోనే చెరిపేశా."

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. అదే ఆయన్ని ఇంకా భయపెట్టింది. సంచి కింద పెట్టి, తిన్నగా బీరువా దగ్గరికి నడిచి మూట బయటికి తీసింది.

"నన్ను ఎన్నైనా అను, పడతా. దాన్నేం చెయ్యకు."

"ముందు మీరు కూర్చోండి."

ఆవిడ తువ్వాలు విప్పింది. డిస్కు పక్కనే స్క్రూడ్రైవర్ ఉంది.

"ఆ సీడీ ఇంట్లోకొచ్చిన రోజు నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. నిన్న ఆఖరి పేజీ అవగానే పుస్తకమున్న ఈ కొత్త డిస్కును ఊడదీసి ఇందులో దాచా. ప్రెస్సులో వాళ్ళు డిస్కులు మార్చడం ఎన్నిసార్లు చూడలేదు? పుస్తకం ఎక్కడికీ పోలేదు."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు.

"చంపేశావు కదే. అయితే ఆ రెండు జీబీ లెక్క సరైనదేనన్నమాట, మదర్‌బోర్డుకి ఏ జబ్బూ లేదు. రెండుకీ నాలుగుకీ తేడా పట్టుకోలేకపోయా, నేనూ ఒక లెక్కల మాస్టార్నే. ఇంతకీ లోపల పెట్టిన డిస్కు ఎక్కడిది?"

ఆవిడ తెర మీది రెండక్షరాల వంక చూస్తూ తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఖాళీగా ఉంచితే మీకు అనుమానం వస్తుందని మీ చదరంగం డిస్కే పెట్టా. సొంతదైతే తెరిచి చూసుకోకుండా ముట్టుకోరనుకున్నానండీ."